సముద్రం ఎదురుగా 'పానీ నక్కో'

మన ఇళ్ళలో పిక్నిక్ మాట రాగానే నాలుగు ప్రశ్నలు వస్తాయి. బిర్యానీకి ఎన్ని కేజీల బియ్యం? ఎన్ని బండ్లు? జుహర్ ఎక్కడ చదువుకుంటాం? మగ్రిబ్‌కల్లా ఇంటికి చేరతామా, లేదా? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే సఫర్ ఖాయమైనట్టే. అయిదోది ఒకటుంది. దాన్ని ఎవరూ పైకి అడగరు. అడగాల్సిన వాళ్ళకు షరమ్. జవాబు చెప్పాల్సిన వాళ్ళకు ఆ ఖయాలే రాదు. దారిలో గానీ, అక్కడికి చేరాక గానీ, ఆడవాళ్ళు బాత్రూమ్‌కు ఎక్కడికి పోవాలి?

ఇదీ ఒక రాయాల్సిన విషయమేనా అని మొహం చిట్లించే జనాబులు కొందరుంటారు. ఉండనివ్వండి. మన ఇంటి ఆడవాళ్ళకు సముద్రం మీద హక్ ఉందా, లేదా అన్నది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోతుంది. అందుకే రాస్తున్నాను.

మేము పోయిన జనవరిలో ఒక ఆదివారం హంసలదీవి వైపు వెళ్ళాం. రెండు కార్లు, పదముగ్గురం. మా అమ్మీ, అత్తమ్మ, నేను, తోడికోడలు, అయిదో నెల కడుపుతో ఉన్న ఆడపడుచు, ముగ్గురు మగవాళ్ళు, అయిదుగురు పిల్లలు. విజయవాడలో ఫజర్ చదువుకుని బయలుదేరితే ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా దారి. వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అవనిగడ్డ దాటాక ఊళ్ళు పలచబడతాయి. కోడూరు దాటాక రోడ్డుకు రెండువైపులా రొయ్యల చెరువులే, వాటిలో తిరిగే చక్రాలే. తర్వాత సరుగుడు తోటలు. ఆ తర్వాత ఇసుక, దాని మీద ఎర్రపీతలు, దాని అవతల సముద్రం. కృష్ణమ్మ బంగాళాఖాతంలో కలిసే తీరం అది. పక్కనే మడ అడవులు, కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. బురదలోంచి శ్వాస కోసం పైకి పొడుచుకొచ్చే మడ వేళ్ళు, వాటి మధ్య చేపలు పట్టుకుని బతికే బావురుపిల్లులు ఆ అడవికి పేరు తెచ్చాయి. అక్కడ హోటళ్ళు లేవు, రంగులరాట్నాలు లేవు, మొక్కజొన్న కండెల బండ్లు లేవు.

పిల్లలు సూర్యలంక అన్నారు. బందరు దగ్గరి మంగినపూడి అయినా సరే అన్నారు. రెండూ మంచి బీచ్‌లే. కానీ ఆదివారం నాడు ఆ జనంలో మన ఆడవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. ఇసుక మీద దస్తర్‌ఖాన్ పరుచుకుని, దాని చుట్టూ గుండ్రంగా, జనానికి వీపు చేసి కూర్చుంటారు. కొన్నిసార్లు సముద్రానికి కూడా వీపు చేసి కూర్చోవాల్సి వస్తుంది. బుర్ఖా కాస్త పైకెత్తి నీళ్ళలో అడుగు పెడితే ఎవడో ఫోన్ ఎత్తుతాడు. ఫొటో తీసేది అలనో, మననో తెలియదు. పాదాలు తడిసీ తడవక ముందే వెనక్కి వచ్చేస్తారు. చెప్పులకు, సంచులకు, పిల్లల బట్టలకు కాపలా కాసి ఇల్లు చేరతారు. దాన్నే మనం "సముద్రానికి వెళ్ళొచ్చాం" అంటాం.

జనం లేని తీరం అలా కాదు. అక్కడ నజర్ లేదు. హంసలదీవి తీరంలో కిలోమీటరు దూరం చూస్తే ఇద్దరో ముగ్గురో మత్స్యకారులు, వాళ్ళ వలల పనిలో వాళ్ళు. మా తోడికోడలు పదిహేనేళ్ళ తర్వాత పరిగెత్తింది. నా కళ్ళతో చూశాను. ఎనిమిదేళ్ళ తన కొడుకుతో పందెం వేసి పరిగెత్తి గెలిచింది. పర్దా పాటించే ఆడమనిషికి ఇలాంటి మారుమూల తీరమే అసలైన తీరం. అక్కడ ఆమె ఎవరి కంటికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

అసలు తకలీఫ్ ఇక్కడే ఉంది. జనం ఉన్న తీరంలో బాత్రూమ్ ఉంటుంది, కానీ నజర్ ఉంటుంది. జనం లేని తీరంలో నజర్ ఉండదు, బాత్రూమూ ఉండదు. ఈ రెండింటి మధ్య మన ఆడవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం ఒకటే. నీళ్ళు తాగకపోవడం.

మా అమ్మీకి 68 ఏళ్ళు. బీపీ ఉంది. ఆమెకు రాసిచ్చిన మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేది. అది వేసుకుంటే గంటకోసారి లేవాలి. ప్రయాణం ఉన్న రోజు ఆమె ఆ మాత్ర వేసుకోదు. ముందు రాత్రి నుంచే నీళ్ళు తగ్గిస్తుంది. తెల్లారి అరకప్పు చాయ్, అంతే. ఉయ్యూరులో బాటిల్ ఇచ్చాను. "పానీ నక్కో బేటా, ప్యాస్ నై" అంది. చల్లపల్లిలో అడిగాను. పానీ నక్కో. సముద్రం ఒడ్డున దిగాక, ఎండ నడినెత్తికి వచ్చాక అడిగాను. పానీ నక్కో. కారు తలుపు తెరిచి సీటు మీదే కూర్చుంది. కళ్ళెదురుగా కంటికి ఆనినంత మేర నీళ్ళు, పెదాలు మాత్రం ఎండి అట్టలు కట్టాయి.

ఇది మా అమ్మీ ఒక్కదాని కథ అయితే రాసేదాన్ని కాదు. ఈ రాత చదువుతున్న బెహన్లారా, మీలో ఎంతమంది పెళ్ళి సఫర్‌లో, ఉర్సుకు పోయేటప్పుడు, బస్సెక్కే ముందు నీళ్ళు మానేయలేదు? మూత్రం ఆపుకోవడం, నీళ్ళు తక్కువ తాగడం, రెండూ కలిస్తే మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. కడుపుతో ఉన్నవాళ్ళకు అది బిడ్డ దాకా పోయే ప్రమాదం. షుగర్ ఉన్నవాళ్ళకు మరీ కష్టం. ఎండలో ఒంట్లో నీరు తగ్గితే ముసలివాళ్ళు కళ్ళు తిరిగి పడతారు. బీపీ మాత్ర మన ఇష్టానికి మానేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒక్క రోజు సుకూన్ కోసం వెళ్ళి, వారం రోజులు మంటతో, జ్వరంతో పడుకునేవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు. "పిక్నిక్‌కు వెళ్ళొచ్చాక ఎండదెబ్బ తగిలింది" అని చెప్పుకుంటారు. ఎండ ఒక్కటే కాదు కారణం.

ఆ రోజు ఏం జరిగిందో కూడా చెప్పాలి. మేము ఆగిన చోటికి కాస్త దూరంలో ఒకామె ఇసుక మీద చేపలు ఎండేస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. మా ఆడపడుచు నడుము పట్టుకుని అటూ ఇటూ నడవడం చూసింది. మాలో ఎవరూ నోరు తెరవకముందే తనే దగ్గరికొచ్చి అడిగింది. "ఎక్కడికన్నా ఎల్లాలా అమ్మా? మా ఇంటికి రండి. రేకుల గది ఉంది. గడియ సరిగా పడదు గానీ నేను బయట నిలబడతాలే."

ముందు ఆడపడుచు వెళ్ళింది. తర్వాత మేమందరం. అమ్మీ రానంది. ఆమె చేపల చేతిని చీరకు తుడుచుకుని, "మామ్మగారూ, నేను పట్టుకుంటా, నిదానంగా రండి" అని కారులోంచి దింపింది. వెళ్ళి వచ్చాక అమ్మీ మొదట చేసిన పని ఏమిటంటే, నీళ్ళ బాటిల్ అడగడం. లీటరు బాటిల్ సగానికి పైగా ఆపకుండా తాగింది. తర్వాత చెప్పులు విడిచి సముద్రం వైపు నడిచింది.

మా అమ్మీ పుట్టింది చల్లపల్లిలో. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఏళ్ళు. ఆ రోజు దివిసీమను సముద్రం ముంచేసింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత ఆమెకు సముద్రమంటే ఉప్పెనే. ఆ సముద్రాన్ని శాంతంగా ఉన్నప్పుడు ఒక్కసారి చూడాలని ఆమెకు ఎన్నాళ్ళ నుంచో ఉంది. పిల్లలు సూర్యలంక అంటే హంసలదీవి అని పట్టుబట్టింది ఆమే. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి పావుగంట ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పావుగంట ఒక రేకుల గది వల్ల వచ్చింది. ఆ మత్స్యకార మహిళ దయ లేకపోతే ఆమె కారులోంచే సముద్రాన్ని చూసి తిరిగొచ్చేది.

ఇప్పుడు కొందరు అనే మాటలు చూద్దాం.

"అయితే అక్కడో రిసార్ట్ కట్టిస్తే సరి" అంటారు. వద్దు. ఆ తీరం అలా ఉండబట్టే మనం వెళ్ళాం. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ ఇసుకలోకి వచ్చి గుంట తవ్వి, ఒక్కోటి నూరు గుడ్ల దాకా పెట్టి పోతాయి. ఒకటిన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొచ్చి, సముద్రం మీది వెలుతురును బట్టి దారి వెతుక్కుంటాయి. ఒడ్డున లైట్లు వెలిగితే దారి తప్పుతాయి. మడ అడవి పోతే ఉప్పెన వేగానికి అడ్డు నిలిచేదేదీ ఉండదు. అది దివిసీమకు ఎవరూ పాఠం చెప్పాల్సిన పని లేదు. నేను అడుగుతున్నది రిసార్ట్ కాదు, ఒక గది. తలుపుకు గడియ, లోపల ఒక కుళాయి, ఒక బకెట్. అది తీరం మీద కూడా కాదు, రోడ్డు ముగిసే ఊళ్ళో. తాత్కాలిక మరుగుదొడ్లకు, బట్టలు మార్చుకునే గదులకు 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో కూడా చోటుంది. తాబేళ్ళు, మడ అడవులు ఉన్నచోట ఆ నియమాలు గట్టిగా ఉంటాయి, ఉండాలి కూడా. అందుకే ఊళ్ళో కట్టమంటున్నాను. అది మనలాగా ఏడాదికోసారి వచ్చే మెహ్మాన్లకు మాత్రమే కాదు. ఏడాది పొడుగునా ఆ ఎండలో చేపలు ఎండేసే ఆడవాళ్ళకు ముందు కావాలి. మనకు ఒక రోజు తకలీఫ్ అయితే వాళ్ళకు అది రోజూ ఉండేదే.

"ఆడవాళ్ళను అలాంటి చోట్లకు తీసుకుపోవడమే తప్పు, హయా ఉండొద్దా" అనేవాళ్ళు రెండో రకం. హయా ఉండబట్టే కదా వాళ్ళు నోరు తెరవకుండా దాహంతో కూర్చుంటున్నది! హయాను కాపాడాలంటే ఆడవాళ్ళను ఇంట్లో పెట్టడం దారి కాదు, నాలుగు గోడల ఇంతెజామ్ చేయడం దారి. సముద్రం మనకు పరాయిది కూడా కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల ఓడలు ఇదే కృష్ణా తీరంలోని బందరు రేవు నుంచి ఎర్రసముద్రంలోని మొఖా రేవు దాకా వెళ్ళేవి. సరుకుతో పాటు హజ్ యాత్రికులూ వాటిలోనే పోయేవాళ్ళు. నెలల తరబడి సముద్రం మీద బతికిన మనుషుల వారసులం మనం. వంద కిలోమీటర్ల సఫర్‌లో ఒక అడ్డుతెర కట్టలేమా?

మూడో రకం వాళ్ళు మంచివాళ్ళే. "మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదే" అంటారు. చేయరు. "బండి ఆపండి" అనడానికి మన ఆడవాళ్ళు ఎన్ని లెక్కలు వేసుకుంటారో వాళ్ళకు తెలియదు. బావగారు డ్రైవింగ్‌లో ఉన్నారు, అల్లుడు పక్కనున్నాడు, ఇప్పుడే కదా చాయ్‌కు ఆగాం, నా ఒక్కదాని కోసం అందరికీ లేటు. ఇన్ని అనుకుని ఊరుకుంటారు. మగవాళ్ళకు ప్రతి చెట్టూ ఒక జవాబే. కాబట్టి వాళ్ళకు ప్రశ్న తట్టదు. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. కానీ ఫిర్యాదు రాలేదంటే తకలీఫ్ లేదని అర్థం కాదు.

కాబట్టి నాకు తోచిన ఇంతెజామ్ చెబుతాను. ఖర్చు పెద్దగా లేదు. ఈ పనులన్నీ మగవాళ్ళ జిమ్మేదారీ కింద రాస్తున్నాను, ఎందుకంటే దేగ్‌చీ నుంచి దస్తర్‌ఖాన్ దాకా మిగతావన్నీ ఇప్పటికే ఆడవాళ్ళ మీద ఉన్నాయి.

ఒకటి, గంటన్నరకోసారి బండి ఆగాలి. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరి కోసమూ కాదు, అందరి కోసం. ఎక్కడ ఆగుతామో ముందు రాత్రే చెప్పాలి. పెట్రోల్ బంకుల్లో మరుగుదొడ్డి, తాగే నీళ్ళు ప్రజలకు ఉచితంగా ఇవ్వాలన్నది నియమం. పెట్రోల్ కొట్టించుకోకపోయినా అడగొచ్చు. అయితే ముందు మగవాళ్ళే దిగి, శుభ్రంగా ఉందా, గడియ ఉందా, నీళ్ళు వస్తున్నాయా చూసి రావాలి. హంసలదీవి వైపు పోయేవాళ్ళు అవనిగడ్డలో తప్పకుండా ఆగండి. తర్వాత అలాంటి చోటు దొరకడం కష్టం.

రెండు, ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే మందుల షాపుల్లో దొరికే మడత కమోడ్ కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకోండి. కొన్నిచోట్ల అద్దెకూ ఇస్తారు. నాలుగు వెదురు కర్రలు, రెండు పాత చీరలు లేదా దుప్పట్లు ఉంటే చుట్టూ గది అయిపోతుంది. బట్టలు మార్చుకోవడానికీ అదే. కుర్చీ కింద సంచి పెట్టి, మూతి బిగించి, ఊళ్ళోకి తెచ్చి సరైన చోట పడేయాలి. ఆ ఇసుకలో గుంటలు తవ్వొద్దు. తాబేలు గుడ్లు ఎక్కడున్నాయో మన కంటికి కనబడవు. అదే కారణానికి బండిని కూడా ఇసుక మీదికి తోలొద్దు.

మూడు, తాగే నీళ్ళు వేరు, వుజూకు, శుభ్రానికి వేరు. ఇరవై లీటర్ల క్యాన్ రెండోది, ఒక లోటా మర్చిపోవద్దు. సముద్రపు నీళ్ళతో వుజూ చెల్లుతుంది గానీ, ఉప్పు నీళ్ళతో ఒళ్ళు మండే పనులు కొన్ని ఉంటాయి.

నాలుగు, ఆ ఒక్క రోజు బిర్యానీ మానేయండి. తెల్లవారుజాము మూడింటికి లేచి దేగ్‌చీ ఎక్కించిన మనిషి సముద్రం దగ్గర నిద్రపోతుంది, పాపం. రోటీలు, ఖీమా, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు చాలు. వడ్డించడం, ప్లేట్లు ఎత్తడం, చెత్త మూటగట్టి వెనక్కి తేవడం మగవాళ్ళ పని. పిల్లల కాపలా గంటకొకరి చొప్పున బారీ వేసుకోండి. నది సముద్రంలో కలిసే చోట కింద లోతు, ప్రవాహం తెలియవు. పిల్లల్ని పాదాలు తడిసే దాకానే ఉంచండి, పెద్దలు కూడా మోకాళ్ళు దాటి పోవద్దు. తడిస్తే బుర్ఖా, చీర ఒంటికి చుట్టుకుని బరువెక్కుతాయి, సల్వార్ కమీజ్ మేలు.

అయిదు, తీరంలో ఎవరైనా తమ ఇంటి గడప తెరిస్తే దాన్ని ఊరికే వాడుకుని రాకండి. మేము బయలుదేరే ముందు ఆమె దగ్గర రెండు కేజీల ఎండుచేపలు కొన్నాం. గదికి డబ్బులిస్తే తీసుకోలేదు. మా ఆయన కారులోని స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి ఆ గడియ బిగించి వచ్చాడు. ఆమె "ఇన్నాళ్ళకు పడింది" అని రెండుసార్లు వేసి తీసి చూసుకుంది.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో సముద్రం మాట వస్తుంది. వచ్చినప్పుడు బియ్యం లెక్కకు ముందు ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చోండి. బండి ఎక్కడెక్కడ ఆగుతుందో, అక్కడ ఏం ఇంతెజామ్ చేశారో చెప్పండి. మాత్ర వేసుకునే రమ్మనండి, నీళ్ళు తాగే రమ్మనండి. ఆమె వెంటనే నమ్మకపోవచ్చు. మొదటి బంకు దగ్గర బండి ఆపి, మీరే ముందు దిగి చూసి వస్తే నమ్ముతుంది.